నిద్ర లేపే వరస

నేను జీవితంలో ఒకే తెలివితక్కువ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి ఇంజనీరింగు మూడో ఏట. రెండోసారి, ఆ ఇంజనీరింగు పేరు చెప్పుకుని బతుకుతున్న రోజుల్లో. మొదటిది పొలాల మధ్య, పట్టపగలు, అందరి ముందూ. రెండోది వేలిగోరంత సిలికాన్ ముక్కలో, కంటికి కనబడకుండా. రెండుసార్లూ నన్ను గట్టెక్కించింది ఒకే మనిషి. అలాంటి మనిషిని తలుచుకుంటే కృతజ్ఞత కలగాలి. నాకు మాత్రం భయం వేస్తుంది.

మొన్న బాబాయి ఫోన్ చేశాడు. "మన పాత లైన్‌మన్ పోయాడ్రా. నిద్రలోనే" అన్నాడు. నేను లేచి, ఇంట్లో వెలుగుతున్న లైట్లను ఒక్కొక్కటిగా ఆర్పుకుంటూ పోయాను. ఒక దానికీ ఇంకో దానికీ మధ్య కాస్త ఆగాను కూడా. ఎందుకలా చేశావని మా ఆవిడ అడిగింది. ఆయన చూస్తున్నాడేమోనని, అన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. బతికుండగా ఎప్పుడూ పలకలేదు, ఇప్పుడు ధైర్యం చేయడం బాగుండదు. 'కాకా' అని పిలిచేవాణ్ణి. ఆ రెండక్షరాల్లో మొదటిది గొంతులోనే ఉండిపోయేది.

మాది బాన్సువాడ నుంచి కోటగిరి పోయే దారిలో ఒక క్యాంపు. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద స్థిరపడ్డ కుటుంబాలు. కాలువ నీళ్లు ఎక్కడెక్కడో తిరిగి మా చివరి పొలాల దాకా వచ్చేసరికి అలిసిపోయేవి. అందుకని బోర్లు, బోర్లకు మోటర్లు, పద్దెనిమిది మోటర్లకూ కలిపి ఒక్కటే ముసలి ట్రాన్స్‌ఫార్మరు. అప్పటికే రెండుసార్లు కాలి, రెండుసార్లు బాగై వచ్చింది. దాని గద్దె పక్కనే ఆయన కౌలుకు చేసుకునే అరెకరం ఉండేది. చుట్టుపక్కల ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లున్నా ఆయన కన్ను మాత్రం ఎప్పుడూ మా దాని మీదే.

సన్నటి మనిషి. ఖాకీ చొక్కా, ధోతి, టైరు చెప్పులు. దేన్ని తాకినా అరచేత్తో తాకేవాడు కాదు, చేతి వెనకవైపుతో తాకేవాడు. కరెంటున్న వస్తువును అరచేత్తో తాకితే చెయ్యి దాన్నే పట్టుకుని వదలదట, వెనకవైపుతో తాకితే విదిలించి పారేస్తుందట. పద్ధతి మంచిదే. కానీ ఆయన టీ గ్లాసునూ అలాగే తాకేవాడు, గేదెనూ అలాగే, జ్వరమొచ్చిన పిల్లల నుదుటినీ అలాగే. లోకమంతా కరెంటు ఉండవచ్చుననే అనుమానంతో బతికిన మనిషి. ఆయన దగ్గర నిలబడితే మనకూ ఆ అనుమానం అంటుకునేది.

ఇంకో అలవాటు చూడ్డానికి మరీ భయంగా ఉండేది. ట్రాన్స్‌ఫార్మరు గద్దె పక్కన ఇనుప స్తంభానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. లోపల ఎవరో రహస్యం చెబుతున్నట్టు ముఖం. పైన తీగలు, కింద ఈయన. మా అమ్మ అటు వెళ్తే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పుకునేది.

ఇక ఆయన పెట్టిన వరస. పొద్దున తొమ్మిదికి కరెంటు వచ్చేది. పదిహేడు మంది రైతులూ ఎవరి షెడ్డు ముందు వాళ్లు, స్టార్టరు డబ్బా పచ్చ మీట మీద వేలు పెట్టి, గద్దె వైపు చూస్తూ నిలబడాలి. ఆయన స్తంభానికి చెవి ఆనించి "ఒకటో మోటరు!" అని కేకేసేవాడు. ఆ మోటరు మూలిగి, గొంతు సవరించుకుని, దారిలో పడ్డాక "ఆఁ... ఇగ రెండు!" చివరిది, పద్దెనిమిదో మోటరు, ఆయనదే. అది లేచేసరికి పావుగంట పట్టేది.

"ఏమయ్యా లైన్‌మనూ, గెడ్డాలు నెరిశాక మమ్మల్ని బడిపిల్లల్ని చేశావే" అన్నాడు ఒకరోజు మా నాన్న.

"బడిపిల్లలైతె జెప్పిన మాట ఇంటరు పటేలా."

"అందరం ఒకేసారి వేసుకుంటే ఏం పోయింది?"

"మోటరు లేసేటప్పుడు మస్తు ఆకలి మీదుంటది. ఆరుగురి బువ్వ ఒక్కతే తింటది. లేసినంక దానికి ఒక్కని బువ్వ సాలు. అందరు ఒక్కపారి లేస్తె కుండల ఏముంటది, జెప్పు?"

ఎవరైనా వరస తప్పి మీట నొక్కితే తిట్టేవాడు కాదు. గద్దె దిగి, గట్ల మీదుగా, ఒక్క మాటా లేకుండా ఆ షెడ్డు దాకా నడిచి వచ్చేవాడు. వచ్చి ఎదురుగా నిలబడేవాడు. అంతే. నొక్కినవాడే ఎర్ర మీట నొక్కి, తల దించుకునేవాడు. ఆ నడక నేను ఒకసారి గట్టు మీద నుంచి చూశాను. ఆ పూట అన్నం సయించలేదు, తప్పు చేసింది నేను కాకపోయినా.

అలాంటి మనిషి ఉన్న ఊళ్లో నేను నా విద్వత్తు చూపించాలనుకున్నాను. విద్యుత్తుకు అది నచ్చలేదు.

వేసవికి ముందు సెలవులకు వచ్చాను. కరెంటు రాగానే దానంతటదే మోటరును లేపే చిన్న డబ్బా ఒకటుంటుంది, ఆటో స్టార్టరు. దాన్ని తెచ్చి మా మోటరుకు బిగించాను. "నాన్నా, ఇకనుంచి నువ్వు కాఫీ తాగుతూ ఇంట్లో కూర్చో. నీళ్లే పొలానికి వెళ్తాయి" అన్నాను. నాన్న పొంగిపోయాడు. పక్క పొలాల వాళ్లు చెవులు కొరుక్కుని, మాకూ పెట్టమన్నారు. లైన్‌మన్ పిట్లంలో చుట్టాల పెళ్లికని రెండు రోజులు ఊళ్లో లేడు. ఆ రెండు రోజుల్లో ఇంకో పది డబ్బాలు కొనుక్కొచ్చి, మాదానితో కలిపి పదకొండు మోటర్లకు బిగించాను, మూడో రోజు పొద్దున అన్నీ కలిసి పనిలోకి దిగేలా. మిగతా ఆరుగురికి చెప్పలేదు. వాళ్లు ఆయనకు చెబుతారని భయం. చూశారా, భయం అప్పుడే ఉంది, తెలివే లేదు.

మూడో రోజు పొద్దున ఆయన వచ్చాడు. షెడ్ల ముందు ఆరుగురే ఉన్నారు. మిగతా పదకొండు చోట్లా మనిషి జాడ లేదు. ఆయన అటూ ఇటూ చూశాడు. నేను గట్టు మీద నిలబడి, చప్పట్ల కోసం ఎదురుచూసే వాడిలా నవ్వుతున్నాను.

తొమ్మిదయింది. కరెంటు వచ్చింది.

పదకొండు మోటర్లు ఒకేసారి మూలిగాయి. ఒక్కటీ లేవలేదు. లేవలేక, మానలేక, భూమిలోంచి వస్తున్నట్టు ఒకటే మూలుగు. మా షెడ్డులో బల్బు పసుపుగా మారింది, తర్వాత బీడీ కొసలా ఎర్రగా అయింది. "బంజెయ్యిర్రి! బంజెయ్యిర్రి!" అని ఆయన అరిచాడు. బంద్ చేయడానికి ఆ షెడ్లలో ఎవరున్నారు గనక? మీట నొక్కే మనుషులను తీసేసిన మహానుభావుణ్ణి నేనే కదా. ఉన్న ఆరుగురూ గద్దెకు దూరంగా పరిగెత్తారు. ఆయన ఒక్కడే గద్దె వైపు పరిగెత్తాడు, స్విచ్చు లాగడానికి.

చెయ్యి స్విచ్చు కడ్డీ మీద పడిందో లేదో, ట్రాన్స్‌ఫార్మరు పేలింది.

నల్లటి పొగ. కాలిన నూనె వాసన. ఆ పొగలో ఆయన కింద పడి ఉన్నాడు. మూలుగు ఆగిపోయింది, పిట్టలు కూడా అరవడం లేదు. నేను చంపేశాను అనుకున్నాను. ఆ వాక్యం నా తలలో అంత స్పష్టంగా, వ్యాకరణంతో సహా వినబడింది. ఎంతసేపటికో పొగలోంచి ఒక చెయ్యి లేచింది, వెనకవైపుతో నేలను తాకి చూసింది, తర్వాత మనిషి లేచాడు. ఎడమ ముంజేయి మీద వేడి నూనె పడి తోలు ఊడింది.

జనం మూగారు. వరి పొట్ట మీద ఉంది. మాకది దాళ్వా, ఆయనకు యాసంగి. రెండో పంటకు పేరు ఏదైనా, ఆ వారం నీళ్లు లేకపోతే గింజ పాలుపోసుకోదు. డబ్బాల సంగతి తెలియని ఆరుగురూ ఊగిపోతున్నారు. "ఎవడు చేశాడు? ఇందులో ఎవడి చెయ్యో ఉంది, చెప్పండి, నరికి ఇక్కడే పాతేస్తాం!" ఒకాయన చేతిలో నిజంగానే కొడవలి ఉంది. తెలిసిన పదకొండు మందీ తమ చెప్పులను పరీక్షగా చూసుకుంటున్నారు. వాళ్లలో మా నాన్న ఒకడు. ఎవరైనా ఒక్కరు తలెత్తి నా వైపు చూస్తే చాలు.

చూసింది ఆయనే. నన్ను చూశాడు, మా షెడ్డును చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"పిడుగు వడ్డది" అన్నాడు.

"ఏం పిడుగయ్యా? మబ్బే లేదు కదా!"

"వడ్డంక మొగులు వోయింది" అని, చెయ్యి పట్టుకుని దవాఖానకు బయల్దేరాడు.

మర్నాడు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. గేటు చప్పుడు వినగానే నేను వెనక గదిలో వడ్ల బస్తాల చాటుకు చేరాను. "ఒరేయ్, లైన్‌మన్ వచ్చాడు, రా ఇలా" అని నాన్న పిలుపు. వెళ్లక తప్పలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను దగ్గరికి రాగానే మంచి చెయ్యి ఎత్తాడు. కొడతాడని కళ్లు మూసుకున్నాను. చేతి వెనకవైపు నా చెంపకు తగిలింది, మెల్లగా.

"ఏం లేదు పటేలా" అన్నాడు నాన్నతో. "పోరనికి సప్లయ్ ఉందా లేదా అని సూస్తున్న."

నాన్న నవ్వబోయి మానుకున్నాడు.

"పిడుగులు ఆకాశం నుంచే వడ్తయి అనుకున్న ఇన్నొద్దులు" అన్నాడాయన నన్నే చూస్తూ. "గిట్ల హాస్టల్ నుంచి బస్సెక్కి గూడ వస్తయని ఎరుక లేకుండె. పదకొండు డబ్బలు నువ్వే పెట్టినవు, నువ్వే ఇప్పు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అచ్చినంక, సెలవులు ఒడిసేదాక వరస నువ్వే పిలువు."

అది శిక్షని ఆయన అనలేదు. అననందుకే అది శిక్ష. కొత్త ట్రాన్స్‌ఫార్మరు రావడానికి వారం దాటింది. ఈలోగా కాలువకు ఒక తడి వదిలారు కాబట్టి చాలా పొలాలు బతికాయి. ఆ నీళ్లు గద్దె పక్కన అరెకరం దాకా రాలేదు. తర్వాత ఒకరోజు అక్కడ ఒక కంకి తుంచి చేతిలో పెట్టుకున్నాను. బరువే లేదు, అంతా తాలు. ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేది.

మిగిలిన సెలవులన్నీ గద్దె దగ్గర నిలబడి, స్తంభానికి చెవి ఆనించి నేనే పిలిచాను. ఆయన నా వెనక ఊపిరి తగిలేంత దగ్గర నిలబడేవాడు. నేను తొందరపడి "మూడు..." అనబోతే భుజం మీద చెయ్యి పడేది. "ఆగు. రెండోది ఇంక మూల్గుతుంది." ప్రతి రోజూ, ప్రతి మోటరుకూ ఆ చెయ్యి ఎప్పుడు పడుతుందోనని బిగుసుకుపోయేవాణ్ణి. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషిని చచ్చేలోగా ఒక్కసారైనా భయపెట్టాలని. ఏ దయ్యమూ చేయలేని పని అది. నా వల్ల అవుతుందన్న ఆశ కూడా లేదు.

పదేళ్లకు హైదరాబాదులో చిప్పులు రూపొందించే ఒక కంపెనీలో ఉన్నాను. "మావాడు చిప్పలు చేస్తాడు" అని మా అమ్మ అందరికీ చెప్పేది. చేతికి చిప్ప రాకూడదనే చేస్తున్నానమ్మా, అనేవాణ్ణి. నా పని చిప్పు లోపల కరెంటు పంచడం. చిప్పంటే కోట్ల కొద్దీ మీటలను చిన్న చిన్న గదుల్లో సర్దిన ఇల్లనుకోండి. వెంట్రుక కన్నా సన్నటి తీగల మీదుగా ప్రతి గదికీ కరెంటు చేరాలి. బ్యాటరీ ఆదా కావాలంటే పనిలేని గదులను నిద్రపుచ్చాలి, పని పడ్డప్పుడు లేపాలి. నిద్రపుచ్చే ఏర్పాటు చక్కగా చేశాను. లేపడం గురించి ఒక్క వాక్యం రాశాను: మీట నొక్కగానే అన్నీ లేవాలి.

తయారై వచ్చిన మొదటి ముక్కలను బల్ల మీద పెట్టి చూశాం. మెలకువగా ఉన్నంతసేపూ బంగారం. నిద్రపోయింది, బాగా పోయింది. లేపాం. లేచింది, కానీ తనెవరో మరిచిపోయి లేచింది. గదులన్నీ ఒకేసారి కరెంటు మింగబోయేసరికి, అసలు నిద్రే పోకుండా జ్ఞాపకాలు దాచుకుని కూర్చున్న గదికి చాలలేదు. అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. తెర మీద వోల్టేజి గీత గోతిలో పడ్డట్టు దిగి, మెల్లగా పైకి లేస్తోంది. ఆ గొయ్యి నాకు తెలుసు. మా షెడ్డులో బల్బు బీడీ కొసలా ఎర్రబడ్డ క్షణం అది.

"కారణం ఏమిటి?" అన్నాడు మా మేనేజరు. 'పిడుగు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఒకదాని తర్వాత ఒకటి లేపాలని తెలుసు. వరస రాసి, ఒక గదికీ ఇంకో గదికీ మధ్య ఇంత వ్యవధి అని గడియారం పెట్టాను. చల్లటి గదిలో పనిచేసింది. చిప్పును వేడిచేసి చూస్తే చచ్చింది. బ్యాటరీ సగమైతే చచ్చింది. వ్యవధి పెంచితే, ముందు లేచిన గదులు మిగతావాళ్ల కోసం ఊరికే కూర్చుని బ్యాటరీ తాగేస్తున్నాయి. ఆదా చేయడానికి నిద్రపుచ్చి, లేపడానికి అంతకన్నా తగలేయడం. వచ్చే శుక్రవారం దాకా గడువిచ్చారు. కాకపోతే చిప్పు మొదటినుంచి మళ్లీ చేస్తారు, ఆ చేసేవాళ్లలో నేనుండను. అది ఎవరూ అనలేదు. కాంటీనులో నా బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు, అంతే. అద్దంలో చూసుకుంటే గట్టు మీద నవ్వుతూ నిలబడ్డ వెధవే కనిపించేవాడు, నవ్వు మాత్రం లేకుండా.

శనివారం బాన్సువాడ బస్సెక్కాను.

అప్పటికి ఆయన రిటైరయ్యాడు. బస్టాండు ఎదురుగా టీ హోటల్లో ఉంటాడని బాబాయి చెప్పాడు. ఉన్నాడు. చేతి వెనకవైపుతో గ్లాసును తాకి చూసుకుంటున్నాడు.

"ఏం ఇంజనీరూ" అన్నాడు తలెత్తకుండానే. "పిడుగు యాడ వడ్డది ఈసారి?"

నవ్వలేకపోయాను. ఎదురుగా కూర్చున్నాను. "కాకా, ఒక మాట చెప్పు. ఒక మోటరుకూ ఇంకో మోటరుకూ మధ్య ఎంతసేపు ఆగేవాడివి?"

"ఎంతసేపేంది?"

"అదే, ఎన్ని సెకన్లు?"

"గడియారం వెట్టి లేపుతరార ఎవలన్న? సలికాలం ఒక తీరుంటది, ఎండకాలం ఒక తీరుంటది. సప్లయ్ పల్చగున్ననాడు ఇంక లేటు. అది మూల్గుడు బంద్ జేసినంకనే ఇంకొకని లేపాలె. చెవి వెట్టాలె, చెవి." గ్లాసు దించి నన్ను చూశాడు. "నెల దినాలు నిన్ను ఎందుకు నిలవెట్టిన మరి ఆడ?"

మా చిప్పులో వోల్టేజి ఎంతుందో ఎప్పటికప్పుడు చూసి చెప్పే చిన్న ఏర్పాటు ఒక మూల ఉంది. నేనే పెట్టించాను. అంటే చెవి ఉంది. దాన్ని అడగాలని నాకు తోచలేదు. ఒక గది లేచి, వోల్టేజి సర్దుకుందని ఆ మూల నుంచి కబురొచ్చాకే రెండో గదిని లేపాలి. సోమవారం అలాగే రాశాం. వేడిలో లేచింది, బ్యాటరీ అడుగంటినా లేచింది, జ్ఞాపకం పోకుండా లేచింది. కాంటీనులో నా బల్లకు మళ్లీ మనుషులొచ్చారు.

కానీ ఆ శనివారం టీ ఇంకా అయిపోలేదు.

"గీ మోటర్లు ఏ ఊర్లెరా?" అని అడిగాడాయన. "బోధన్ దిక్కా?"

"నీ జేబులో కాకా."

చొక్కా జేబు వైపు చూసుకున్నాడు. కూతురు కొనిచ్చిన చిన్న సెల్‌ఫోను, గుండెల మీద. "గిండ్లనా?"

"అందులో చిప్పుంటుంది. దాని నిండా అవే. బొటనవేలి మీద పట్టేంత జాగాలో."

"ఎన్నుంటయి?"

"కోట్లలో."

ఆయన మళ్లీ జేబు వైపు చూసుకున్నాడు. "అన్ని ఒక్కపారి లేస్తె?"

"లేవవు. వరస ఉంటుంది."

"వరస దప్పితె?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన దగ్గరే నేర్చుకున్నాను, చెప్పకుండా ఎదురుగా కూర్చోవడం. టీ ఒక గుక్క తాగాను. ఇంకో గుక్క తాగాను. పేలబోయే ట్రాన్స్‌ఫార్మరు మీదికి పరిగెత్తిన మనిషి ముఖంలో రంగు మారడం చూశాను. రెండు వేళ్లతో, నిద్రపోతున్న తేలును ఎత్తినట్టు, జేబులోంచి ఫోను తీశాడు. బల్ల మీద పెట్టాడు. సాసరు అంచుతో కొంచెం అవతలకు తోశాడు.

"దీనికి లైన్‌మన్ ఎవడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేనే" అన్నాను.

నన్ను తలనుంచి కాళ్ల దాకా చూశాడు. సాసరుతో ఫోనును ఇంకో జానెడు దూరం తోశాడు.

అప్పుడే అది మోగింది. పక్క బల్లల వాళ్లు మా వైపు చూస్తున్నారు. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "నువ్వే ఎత్తు" అన్నాడు.

నేనే ఎత్తాను. ఆయన కూతురు. అన్నానికి రమ్మంటోంది.

ఆ ఫోనులో ఉన్నది మా కంపెనీ చిప్పు కాదు. ఆ ముక్క మాత్రం ఆయనకు చెప్పకుండానే హైదరాబాదు బస్సెక్కాను.